సర్వర్లలో లాగ్ ఫైళ్ల నిర్వహణ

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత, సర్వర్ రాసుకునే లాగ్ ఫైలు డిస్క్‌ను నింపేలోగా దాన్ని ఎలా మార్చాలో, ఎన్నాళ్లు దాచాలో, ఎక్కడ దాచాలో మీరు చెప్పగలగాలి. లినక్స్ ఫైల్ వ్యవస్థ, ప్రాసెస్‌ల గురించి ఇదివరకే చదివారు. ఆ రెండూ ఇక్కడ బాగా పనికొస్తాయి. ఐనోడ్ అంటే ఏమిటో మరచిపోయినవారు ఒకసారి వెనక్కి వెళ్లి చూసి రండి.

1. ఫలితాల రోజు జరిగినది

చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో డిగ్రీ ఫలితాలను వెబ్‌లో పెట్టే బాధ్యత మా విభాగానికి అప్పగించారు. ఉదయం పదకొండు గంటలకు ఫలితాలు విడుదలయ్యాయి. పదకొండున్నరకు సైటు ఆగిపోయింది. రద్దీ ఎక్కువైందని మొదట అనుకున్నాం. డిస్క్‌లో ఖాళీ ఎంత ఉందో చూస్తే నూటికి నూరు శాతం నిండిపోయి ఉంది. అందులో ఎక్కువ భాగం ఒకే ఒక్క ఫైలు ఆక్రమించింది. అది మా అప్లికేషన్ రాస్తున్న లాగ్. పరీక్షించి చూసుకునే రోజుల్లో ప్రతి చిన్న అడుగునూ రాయమని ‘డీబగ్’ స్థాయి పెట్టాం. అసలు రోజున దాన్ని తీసేయడం మరచిపోయాం. ఆ పని నేను చూసుకోవలసినది.

కంగారులో ఆ ఫైలును తొలగించేశాం. డైరెక్టరీలో చూస్తే ఫైలు లేదు. డిస్క్ మాత్రం ఇంకా నూరు శాతం నిండే ఉంది. రెండుసార్లు, మూడుసార్లు చూశాం, అంకె మారలేదు. ఎవరికీ కారణం తట్టలేదు. చివరికి యంత్రాన్ని మొత్తం రీస్టార్ట్ చేస్తే చోటు ఖాళీ అయింది. సైటు మళ్లీ నిలబడేసరికి మధ్యాహ్నం దాటింది. అప్పటిదాకా ఎన్నో ఊళ్లలో ఇంటర్నెట్ సెంటర్లలో గంటకు ఇంతని డబ్బులిచ్చి పిల్లలు కూర్చునే ఉన్నారు.

అసలు ఇబ్బంది రెండు రోజుల తరువాత వచ్చింది. సైటు పనిచేసిన ఆ మొదటి అరగంటలో కొందరు మార్కులు చూసుకుని వెంటనే రీవాల్యుయేషన్ ఫీజు కట్టారు. వాళ్ల ఖాతాలోంచి డబ్బు పోయింది. మా డేటాబేస్‌లో దరఖాస్తు లేదు. డేటాబేస్ ఉన్న డిస్క్ కూడా అదే కాబట్టి రాయడానికి చోటు లేక ఆ వరుసలు నమోదు కాలేదు. ఎవరు ఏ నిమిషంలో ఏ సబ్జెక్టుకు దరఖాస్తు చేశారో తెలిసిన ఒకే ఒక్క సాక్షి మేం తుడిచేసిన ఆ లాగ్. రసీదు ప్రింటు తీసి దాచుకున్నవారి మాట నిలిచింది. ప్రింటుకు డబ్బులు లేక నంబరు చేతిమీద రాసుకుని వెళ్లిన అమ్మాయి మాట నిరూపించడానికి మా దగ్గర ఏమీ లేకపోయింది. బ్యాంకు నుంచి వివరాలు రాబట్టి ఆమె దరఖాస్తును అంగీకరింపజేయడానికి నెలన్నర పట్టింది. అందులో ఏ సబ్జెక్టు అన్నది మాత్రం ఆమె చెప్పిందే రాసుకున్నాం.

ఆ రోజు మేం చేసిన తప్పులు మూడు. లాగ్‌ను అదుపు లేకుండా పెరగనిచ్చాం, తీయవలసిన పద్ధతిలో తీయలేదు, మరో చోట నకలు ఉంచలేదు. ఈ పాఠంలో మిగిలినదంతా ఈ మూడింటి గురించే.

2. లాగ్‌లో ఏముంటుంది

పోలీస్ స్టేషన్‌లో జనరల్ డైరీ ఉంటుంది. ఎవరు వచ్చారు, ఎవరు డ్యూటీకి వెళ్లారు, ఏ ఫిర్యాదు అందింది, అన్నీ జరిగిన వరుసలోనే రాస్తారు. మధ్యలో పేజీ చింపకూడదు, వెనక్కి వెళ్లి దిద్దకూడదు. సర్వర్ లాగ్ కూడా అటువంటిదే. కొత్త వరుస ఎప్పుడూ చివరనే చేరుతుంది.

యూనిక్స్ రకం వ్యవస్థల్లో ఈ రాతకు ఒక పద్ధతి తెచ్చినది సిస్‌లాగ్. 1980లలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్ కోసం దీన్ని తయారుచేశారు. తరువాత మిగతా ప్రోగ్రాములన్నీ వాడుకున్నాయి. దానికి ఇప్పుడున్న ప్రమాణ రూపం 2009లో వెలువడింది. ప్రతి సందేశానికీ 0 నుంచి 7 వరకు ఒక తీవ్రత అంకె ఉంటుంది. అంకె తగ్గేకొద్దీ ప్రమాదం ఎక్కువ. 0 అంటే వ్యవస్థ పనికిరాని స్థితి, 3 అంటే ఎర్రర్, 4 అంటే హెచ్చరిక, 6 అంటే మామూలు సమాచారం, 7 అంటే డీబగ్. ‘ఈ స్థాయి దాకా రాయి’ అని మనం చెబితే, ఆ అంకె, దానికన్నా చిన్న అంకెలు ఉన్న సందేశాలన్నీ ఫైలులోకి వస్తాయి. 7 పెడితే వడపోత లేనట్టే. మా కథలో జరిగింది ఇదే.

అపాచీ వంటి వెబ్ సర్వర్ రెండు లాగ్‌లు విడిగా ఉంచుతుంది. యాక్సెస్ లాగ్‌లో వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ఒక వరుస పడుతుంది. ఏ చిరునామా నుంచి, ఎప్పుడు, ఏ పేజీ అడిగారు, 200 వచ్చిందా 404 వచ్చిందా, ఎన్ని బైట్లు పంపాం అన్నవి అందులో ఉంటాయి. ఎర్రర్ లాగ్‌లో తేడా వచ్చినవి మాత్రమే. కొత్తగా చేరినవారు ఎర్రర్ లాగ్ మీదే కన్ను వేస్తారు. డిస్క్‌ను నింపేది మాత్రం సాధారణంగా యాక్సెస్ లాగ్.

విండోస్ సర్వర్‌లో పద్ధతి వేరు. అక్కడ అప్లికేషన్, సెక్యూరిటీ, సిస్టమ్ అని మూడు ముఖ్యమైన లాగ్‌లు. అవి మామూలు టెక్స్ట్ ఫైళ్లు కావు. ఈవెంట్ వ్యూయర్‌లో తెరిచి చూడాలి. ప్రతి ఘటనకూ ఒక అంకె ఉంటుంది. లాగిన్ కుదిరితే 4624, విఫలమైతే 4625. ఒకే పేరు మీద నిమిషానికి పదుల సంఖ్యలో 4625 కనబడితే ఎవరో పాస్‌వర్డ్ ఊహిస్తున్నారని అనుమానించాలి. 1102 కనబడితే సెక్యూరిటీ లాగ్‌ను ఎవరో పూర్తిగా తుడిచేశారని అర్థం. తుడిచిన సంగతినే మొదటి వరుసగా రాసే ఏర్పాటు అది.

3. పేరు వేరు, ఫైలు వేరు

తొలగించినా చోటు ఎందుకు ఖాళీ కాలేదన్నది ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. ఇది అర్థమైతే లాగ్‌ను మార్చే పద్ధతులన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

లినక్స్‌లో డైరెక్టరీ అంటే పేర్ల పట్టిక. ప్రతి పేరుకూ ఎదురుగా ఒక ఐనోడ్ సంఖ్య ఉంటుంది. అసలు ఫైలు ఆ ఐనోడే. ఒక ప్రోగ్రాము ఫైలును తెరిచేటప్పుడు మాత్రమే పేరు వాడుతుంది. తెరిచాక దాని చేతిలో ఉండేది నేరుగా ఐనోడ్. ఇక ఆ పేరుతో దానికి పని లేదు. రైలెక్కాక స్టేషన్ బోర్డు తీసేసినా మన ప్రయాణం ఆగదు కదా.

మనం ఫైలును తొలగించినప్పుడు పట్టికలోంచి పేరు పోతుంది. ఐనోడ్‌ను ఏదైనా ప్రాసెస్ ఇంకా పట్టుకుని ఉంటే, కెర్నెల్ దాన్ని విడుదల చేయదు. మా వెబ్ అప్లికేషన్ ఆ పేరులేని ఫైలులోనే రాస్తూ పోయింది. యంత్రం రీస్టార్ట్ అయ్యాక ప్రాసెస్ చచ్చింది, అప్పుడు చోటు వచ్చింది. నిజానికి యంత్రాన్ని ఆపనక్కరలేదు, ఆ ఒక్క ప్రాసెస్‌ను ఆపి మొదలుపెడితే సరిపోయేది. పేరు పోయినా ఎవరి చేతిలోనైనా తెరిచి ఉన్న ఫైళ్ల జాబితాను ఎల్‌ఎస్‌ఓఎఫ్ అనే ఆదేశం చూపిస్తుంది. మాకు అప్పుడు అది తెలియదు.

అత్యవసరంలో సరైన పని తొలగించడం కాదు. ముందు ఫైలును కుదించి మరో డిస్క్‌లోకి నకలు తీయాలి. తరువాత అదే ఫైలును సున్నా బైట్లకు తగ్గించాలి. దీన్ని ట్రంకేట్ అంటారు. పేరూ, ఐనోడూ అలాగే ఉంటాయి, లోపలి సరుకు మాత్రం పోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ప్రోగ్రాము ఫైలును ‘అపెండ్’ పద్ధతిలో, అంటే ఎప్పుడూ చివరనే రాసేలా తెరిచి ఉండాలి. అలా కాకపోతే తాను ఆపిన పాత స్థానం నుంచే రాస్తుంది. ఫైలు పరిమాణం మళ్లీ పాత అంకె చూపిస్తుంది, మధ్యలో ఉత్త సున్నాలు ఉంటాయి. డిస్క్‌లో చోటు నిజంగా తీసుకోకపోయినా చూసేవాడి గుండె ఆగుతుంది.

ఇప్పుడు అత్యవసరం లేని రోజుల సంగతి. లాగ్‌ను క్రమం తప్పకుండా పక్కకు తీసి కొత్తది మొదలుపెట్టడాన్ని రొటేషన్ అంటారు. లినక్స్‌లో దీనికి లాగ్‌రొటేట్ అనే సాధనం ఉంది. అది ముందుగా ఫైలు పేరు మారుస్తుంది. పేరు చివర 1 చేరుతుంది, నిన్నటి 1 కాస్తా 2 అవుతుంది, అలా. పైన చెప్పిన సూత్రం ప్రకారం, పేరు మారినా సర్వర్ పాత ఐనోడ్‌లోనే రాస్తుంటుంది. అందుకని ‘లాగ్ మూసి మళ్లీ తెరువు’ అని సర్వర్‌కు కబురు చేయాలి. ఇంజిన్‌ఎక్స్‌కు యూఎస్‌ఆర్1 అనే సంకేతం పంపితే చాలు. అపాచీకి గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ ఇస్తారు. నడుస్తున్న అభ్యర్థనలను అది మధ్యలో తెంచదు, ముగియనిచ్చి కొత్త ఫైలుకు మారుతుంది. అంటే కొంతసేపు పాత ఫైలులోకీ వరుసలు పడుతూనే ఉంటాయి. వెంటనే కుదిస్తే అవి పోతాయి. లాగ్‌రొటేట్‌లో ‘డిలే కంప్రెస్’ అన్న మాట అందుకే ఉంది. అది పెడితే పక్కకు తీసిన ఫైలును ఒక విడత ఆగి కుదిస్తుంది.

కబురు అందుకునే ఏర్పాటే లేని ప్రోగ్రాములూ ఉంటాయి. వాటికి ‘కాపీ ట్రంకేట్’ వాడతారు. నకలు తీసి, అసలు ఫైలును సున్నా చేయడం. నకలు తీయడానికీ సున్నా చేయడానికీ మధ్య ఉన్న ఆ చిన్న వ్యవధిలో పడిన వరుసలు రెండిటిలోనూ ఉండవు. చాలామంది సులువని అన్నిటికీ ఇదే పెడతారు. డబ్బు లావాదేవీలు రాసే లాగ్‌కు నేనైతే దీన్ని ఎప్పుడూ పెట్టను.

4. ఎంత చోటు, ఎన్నాళ్లు

లెక్క వేసి చూడండి. యాక్సెస్ లాగ్‌లో ఒక వరుస సుమారు 200 బైట్లు అనుకుందాం. సెకనుకు 100 అభ్యర్థనలు. రోజుకు 86,400 సెకన్లు. మూడింటినీ గుణిస్తే సుమారు 1.7 గిగాబైట్లు. 180 రోజులకు 311 గిగాబైట్లు. లాగ్‌లో ఒకే రకం మాటలు పదేపదే వస్తాయి కనుక బాగా కుదించుకుపోతుంది. పదో వంతుకు తగ్గితే 31 గిగాబైట్లు. పెన్‌డ్రైవ్‌లో పట్టేంత. చోటు లేదని లాగ్‌లు పారేశామని చెప్పేవారిని ఈ లెక్క వేశారా అని అడగండి.

180 రోజులు అన్నది నేను ఊరికే తీసుకున్న అంకె కాదు. భారత ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ సమాచార వ్యవస్థల లాగ్‌లను వెనకటి 180 రోజులవి ఎప్పుడూ భద్రంగా ఉంచాలి. సైబర్ ఘటన జరిగినట్టు గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలి. లాగ్‌రొటేట్‌తో పాటు వచ్చే మామూలు అమరికలో వారానికోసారి మార్చడం, నాలుగు పాత ఫైళ్లు ఉంచడం అని ఉంటుంది. అంటే నెల రోజులకు మించి నిలవదు. తాకకుండా వదిలేసిన సర్వర్ ఈ ఆదేశాన్ని పాటించడం లేదన్నమాట.

విండోస్‌లో పరిస్థితి ఇంకా బిగువు. అప్లికేషన్, సిస్టమ్ లాగ్‌లకు మొదట ఇచ్చే గరిష్ఠ పరిమాణం 20 మెగాబైట్లు. నిండాక అతి పాత ఘటనల మీద కొత్తవి రాస్తుంది. డిస్క్ నిండదు కానీ, రద్దీగా ఉండే సర్వర్‌లో పోయిన వారం సంగతులు ఉండవు. ప్రాపర్టీస్‌లో పరిమాణం పెంచి, ‘నిండినప్పుడు ఆర్కైవ్ చెయ్యి, పైన రాయకు’ అన్నది ఎంచుకోవాలి. అప్పుడు పాత ఫైళ్లు పేరుకుపోతాయి, వాటిని తీసే పని మళ్లీ మనదే.

లినక్స్‌లో సిస్టమ్‌డీ జర్నల్ తనకు తానే హద్దు పెట్టుకుంటుంది. ఫైల్ వ్యవస్థలో 10 శాతం, అదీ 4 గిగాబైట్లకు మించకుండా. మిగతా లాగ్‌లకు అటువంటి హద్దు లేదు. అందుకని సర్వర్ పెట్టేటప్పుడే లాగ్‌ల కోసం ఒక విడి పార్టిషన్ ఇవ్వండి. అది నిండితే లాగ్ రాయడం ఆగుతుంది, డేటాబేస్ ఆగదు. మా ఫలితాల రోజున ఈ ఒక్క గోడ ఉన్నా ఆ దరఖాస్తులు పోయేవి కావు.

విద్యార్థులు తరచుగా పొరబడే చోటు ఒకటుంది. లాగ్‌రొటేట్ అమరికలో ‘100 మెగాబైట్లు దాటితే మార్చు’ అని రాసి నిశ్చింతగా ఉంటారు. లాగ్‌రొటేట్ ఎప్పుడూ కాపలా కాసే ప్రోగ్రాము కాదు. సాధారణంగా రోజుకొక్కసారి లేచి, చూసి, పడుకుంటుంది. అది పడుకున్నాక ఫైలు 100 నుంచి 40,000 మెగాబైట్లకు పెరిగినా దానికి తెలియదు. పరిమాణం మీద హద్దు పెట్టినప్పుడు దాన్ని గంటకోసారి నడిపించే ఏర్పాటు కూడా చేయాలి.

5. గడియారం సంగతి

సైబర్ నేరం కేసులోనో, ఫీజు గొడవలోనో లాగ్‌ను ముందు పెట్టినప్పుడు అడిగే మొదటి ప్రశ్న సమయం. సిస్‌లాగ్ పాత రూపంలో నెల, తేదీ, గంట ఉంటాయి కానీ సంవత్సరం ఉండదు, ఏ దేశపు సమయమో ఉండదు. కొన్ని సర్వర్లు యూటీసీలో రాస్తాయి. మన సమయానికి అది అయిదున్నర గంటలు వెనక. అర్ధరాత్రి పన్నెండుకు గడువు ముగిసే దరఖాస్తు యూటీసీ లాగ్‌లో అదే రోజు సాయంత్రం 6.30కు ముగిసినట్టు కనబడుతుంది. ఒక లాగ్ ఇలా, మరొకటి అలా ఉంటే రెండిటినీ పక్కపక్కన పెట్టి చదవడం నరకం. అన్ని యంత్రాలకూ ఒకే సమయ పద్ధతి పెట్టండి, తేదీ పక్కన సమయ వ్యత్యాసం కూడా రాయించండి, గడియారాన్ని ఎన్‌టీపీతో సరిచేస్తూ ఉండండి. సెర్ట్-ఇన్ ఆదేశాలలో ఎన్‌టీపీ ప్రస్తావన కూడా ఉంది. జాతీయ సమాచార కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల ఎన్‌టీపీ సర్వర్లతో గడియారాలు కలవాలన్నది అందులోని మాట.

6. నకలు మరో యంత్రంలో, రహస్యం ఏ యంత్రంలోనూ వద్దు

1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడికి ఒక చిన్న పని అప్పగించారు. కంప్యూటర్ వాడకానికి వేసే పద్దుల్లో 75 సెంట్ల తేడా వస్తోంది, ఎందుకో చూడమన్నారు. తవ్వుకుంటూ పోతే బయటివాడెవడో చొరబడ్డాడని తేలింది. చొరబడినవాడు యంత్రంలోని రికార్డులు చూడగలడు, మార్చగలడు. అందుకని స్టాల్ లోపలికి వచ్చే లైన్లకు ప్రింటర్లు తగిలించారు. వాడు కొట్టిన ప్రతి అక్షరమూ కాగితం మీద పడింది. ఆ కాగితం ఉన్నట్టు వాడికి తెలియదు, తెలిసినా చెరపలేడు. నెలల తరబడి వెంటాడితే దారి పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు తేలింది.

ఇప్పుడు ప్రింటర్ చేసే పనిని మరో సర్వర్ చేస్తుంది. ప్రతి వరుసనూ పడిన క్షణంలోనే వేరే యంత్రానికి పంపించాలి. ఆ యంత్రంలోకి అసలు సర్వర్ అడ్మినిస్ట్రేటర్‌కు కూడా మార్చే హక్కు ఉండకూడదు. సిస్‌లాగ్‌ను మామూలుగా యూడీపీలో 514వ పోర్టు మీద పంపుతారు. యూడీపీలో సందేశం దారిలో పోయినా పంపినవాడికి తెలియదు. ముఖ్యమైన లాగ్‌లకు టీసీపీ వాడండి, వీలైతే గుప్తీకరించి పంపండి.

లాగ్ ఎక్కువ కాలం, ఎక్కువ చోట్ల ఉంటుంది కాబట్టి అందులో ఏం రాయకూడదో కూడా తెలియాలి. 2018 మేలో ట్విటర్ తన 33 కోట్ల వినియోగదారులను పాస్‌వర్డ్ మార్చుకోమని కోరింది. ఒక లోపం వల్ల పాస్‌వర్డ్‌లు గుప్తీకరణకు ముందే ఉన్నవి ఉన్నట్టుగా అంతర్గత లాగ్‌లో పడటమే కారణం. డేటాబేస్‌కు ఎన్ని తాళాలు వేసినా, పక్కనున్న లాగ్‌లో పాస్‌వర్డ్, ఓటీపీ, ఆధార్ సంఖ్య తెరిచి పెట్టి ఉంటే ఏం లాభం? ప్రోగ్రాము రాసేటప్పుడే వీటిని చుక్కలుగా మార్చాలి. వినియోగదారు ఇచ్చిన మాటను లాగ్‌లో రాసేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. 2021 డిసెంబరులో బయటపడిన లాగ్4షెల్ లోపంలో, జావా ప్రోగ్రాములు వాడే లాగ్4జే అనే లైబ్రరీ తాను రాయవలసిన మాటను ఊరికే రాయకుండా, అందులోని సూచనను అమలు చేసేది. దానితో దాడిచేసేవాడు సర్వర్‌లో తన కోడ్‌ను నడిపించగలిగేవాడు. లాగిన్ పెట్టెలో ఒక వరుస టైపు చేస్తే చాలిన సందర్భాలున్నాయి.

7. చేసి చూడండి

అధ్యయన కేంద్రంలోని లినక్స్ యంత్రంలో గానీ, ఇంట్లో వర్చువల్ యంత్రంలో గానీ చేయండి. ఇతరులు వాడుతున్న సర్వర్‌లో చేయవద్దు.

అ. సెకనుకోసారి ఒక ఫైలులోకి తేదీ రాసే చిన్న స్క్రిప్టు తయారుచేయండి. ఫైలును ఒకే ఒక్కసారి తెరిచి, మూయకుండా రాస్తూ ఉండాలి. అది నడుస్తుండగా ఫైలు పేరు మార్చండి. కొత్త వరుసలు ఎక్కడ పడుతున్నాయో చూసి కారణం రాయండి.

ఆ. అదే స్క్రిప్టు నడుస్తుండగా ఫైలును తొలగించండి. ఎల్‌ఎస్‌ఓఎఫ్‌తో దాన్ని పట్టుకోండి. స్క్రిప్టును ఆపక ముందూ, ఆపిన తరువాతా జాబితాలో ఏం మారిందో నమోదు చేయండి.

ఇ. ఒక జిల్లా కేంద్రంలోని కళాశాల సర్వర్‌కు సెకనుకు 15 అభ్యర్థనలు వస్తాయి. వరుస 250 బైట్లు. 180 రోజులకు కుదించక ముందు ఎంత చోటు కావాలి? లాగ్ పార్టిషన్ 20 గిగాబైట్లే ఉంటే రొటేషన్ ఎలా అమరుస్తారు, మిగిలినది ఎక్కడ ఉంచుతారు? లెక్కతో సహా ఒక పేజీలో రాసి, మొదటి సంపర్క తరగతికి తీసుకురండి.